లావణ్యను పైకి తెచ్చింది నేను కాదు

సూరత్‌లోని మన తెలుగువాళ్ల పెళ్లిళ్లలో నన్ను ఎవరికైనా పరిచయం చేస్తే ఒక మాట తప్పకుండా అంటారు: "మేకప్ లావణ్యను పైకి తెచ్చింది ఈయనే." చాలాకాలం ఆ మాట విని నవ్వి ఊరుకున్నాను. ఒకసారి ఆ పేరుతో శాలువా కూడా కప్పించుకున్నాను. ఆ మాట నిజం కాదు. నేను ఆ అమ్మాయి పేరును దాదాపు ముంచేశాను. తన పేరును తనే లేవదీసుకుంది.

ఇప్పుడు నేను కెమెరా పక్కన పెట్టేశాను. షుగర్ కళ్లకు పట్టింది, ఫోకస్ ఎక్కడుందో నాకే తెలియడం లేదు. అయినా మా పేట లింబాయత్‌లో కొత్తగా మేకప్, మెహందీ, ఫోటోల పనిలోకి దిగే పిల్లలు సలహా కోసం వస్తూనే ఉంటారు. "అంకుల్, పేరు ఎట్ల రావాలె? ప్రచారం ఎట్ల చేసుకోవాలె?" అని అడుగుతారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పి పంపడం కంటే జరిగింది జరిగినట్టు రాయడం మంచిదనిపించింది.

శేఠ్ దగ్గర నేర్చుకున్నది, మరిచిపోయింది

మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి మగ్గం పనికి ఇక్కడికి వచ్చాడు. నేనూ పద్దెనిమిది నిండకముందే పవర్‌లూమ్ మీద నిలబడ్డాను. ఆ చప్పుడుకు చెవులు దిమ్మెక్కి, దుమ్ముకు దగ్గు పట్టి, ఇక చాలనుకుని ఒక ఫోటో స్టూడియోలో చేరాను. యజమాని కాంతిభాయ్ అనే గుజరాతీ పెద్దాయన. మేమంతా శేఠ్ అనేవాళ్లం. డార్క్‌రూమ్ పని, నెగటివ్ మీద పెన్సిల్‌తో మచ్చలు దిద్దడం, మనిషిని కూర్చోబెట్టే తీరు, అన్నీ ఆయన చేతిలోనే నేర్చుకున్నాను. తిట్టేవాడు, కానీ పని దాచుకోకుండా నేర్పేవాడు. నాకు అన్నం పెట్టిన విద్య ఆయనదే.

చేరిన కొత్తలో మన తెలుగాయన ఒకరు, ముసలి కార్మికుడు, చనిపోయిన భార్య ఫోటో పట్టుకుని వచ్చాడు. చిన్న ఫోటో. దాన్ని పెద్దది చేసి గోడకు పెట్టుకోవాలని ఆయన కోరిక. ఆమె ముఖం నిండా అమ్మవారి మచ్చలు. నేను నా పనితనం చూపించాలనుకున్నాను. రెండు రోజులు కూర్చుని ఒక్కో మచ్చనూ తీసేశాను. ముఖం నున్నగా, పాలరాయిలా వచ్చింది. ముసలాయన ఆ ఫోటోను చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగున్నది బిడ్డా. కానీ ఈమె ఎవలు?" అన్నాడు.

శేఠ్ ఈసారి నన్ను తిట్టలేదు. మళ్లీ తనే ప్రింటు వేశాడు, మచ్చలన్నిటితో సహా. ఆయనకు ఇచ్చి పంపాక నా వైపు తిరిగి "దాగ్ భీ ఉసీ కా హై, రాజేశం" అన్నాడు. మచ్చ కూడా ఆమెదే అని. ఆ మాట ఆ వయసులో నాకు బాగా తగిలింది. ఆ తర్వాత స్టూడియోల్లోకి కంప్యూటర్లు వచ్చాయి, నేను సొంత దుకాణం పెట్టుకున్నాను, మీట నొక్కితే మచ్చలు పోవడం మొదలైంది. ఆ మాట మెల్లగా మరుపున పడింది.

పెళ్లిళ్లు మేడల మీదికి వచ్చిన ఏడాది

సూరత్‌లో ఎన్ని తరాలు బతికినా, పెళ్లి అనగానే మనవాళ్లు సొంతూరికే రైలెక్కేవాళ్లు. ఇక్కడ పెళ్లి చేస్తే చుట్టాలు నొచ్చుకుంటారు, ఆచారాలు సరిగా జరగవని వాళ్ల నమ్మకం. అందువల్ల నాకు ఇక్కడ ఎక్కువగా గుజరాతీ, మరాఠీ పెళ్లిళ్లే వచ్చేవి. కరోనాతో ఆ లెక్క తారుమారైంది. మగ్గాలు ఆగాయి. లింబాయత్ గల్లీల్లో ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టని మనుషులు ఉన్నారని అప్పుడు తెలిసింది. దొరికిన బండి పట్టుకుని కొందరు ఊళ్లకు పోయారు, కొందరు ఇక్కడే ఇరుక్కుపోయారు. మెల్లగా సడలింపులు వచ్చాక, ఖాయం చేసుకున్న సంబంధాలు ఎన్నాళ్లు ఆపుతారు? ఊరికి పోయే వీలు లేదు. మేడల మీద నాలుగు కర్రలు నిలబెట్టి, పాత చీరలు కట్టి, అయినవాళ్లు కొద్దిమంది మధ్య పెళ్లిళ్లు మొదలయ్యాయి.

అప్పుడే లావణ్య నా దగ్గరికి వచ్చింది. మగ్గం మీద నా పక్కన నిలబడి పనిచేసిన మల్లేశం కూతురు. మా గల్లీకి రెండు గల్లీల అవతలకే కోడలిగా వచ్చింది. నన్ను కాక అని పిలుస్తుంది. ఒక పెద్ద పార్లర్‌లో సహాయకురాలిగా పనిచేసేది. పార్లర్ మూతపడితే, తన సామాను ఒక సంచిలో పెట్టుకుని ఇళ్లకు వెళ్లి పెళ్లికూతుళ్లను తయారు చేస్తానని బయలుదేరింది.

"కాక, పార్లరోళ్లు నడినెత్తిన పఫ్ లేపుతరు. ఇగ జీలకర్ర బెల్లం యాడ పెట్టాలె? మొన్న ఒక పెండ్లిల పిలగాడు పాపం చెవు మీద పెట్టిండు. అయ్యగారు మొత్తుకుంటుండు. నేను ఆ జాగ వదిలి జడేస్త. పసుపు స్నానం అయినంక ఏ రంగు నిలుస్తదో గూడ నాకు ఎరుకే. కానీ ఈ ముచ్చట జనాలకు ఎట్ల తెలువాలె? నువ్వు జర ప్రచారం చేసి పెట్టు."

ఆమె వెంట అత్త సత్తవ్వ కూడా వచ్చింది. సత్తవ్వ ఇంట్లో ధాగా కటింగ్ చేస్తుంది. ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని. మన ఆడవాళ్లలో సగం మందికి అదే ఆధారం. ఆమె మాట ముక్కుసూటిగా ఉంటుంది.

"ఇగో రాజేశమన్నా, ఈ పెండ్లిళ్ల సీజన్ దాక జూస్త. నడిచెనా, నడిచింది. లేకుంటే కత్తెర పట్టుకుని నా పక్కన కూసోవాలె. ఇంట్ల మగోని మగ్గం బందైంది. ఈమె సంచేసుకుని తిరుగుడు నాకు నచ్చది."

లావణ్య ముందున్న గడువు అదీ. ఒక్క సీజన్. దాన్ని ఆమె నా చేతిలో పెట్టింది.

ముక్కుకు చక్రం

మొదట ఒక కార్డు తయారు చేశాను. ఎక్కడి నుంచో దింపుకున్న ఒక ఉత్తరాది పెళ్లికూతురి బొమ్మ, ముక్కుకు పెద్ద నథ్. కింద బ్రైడల్, హెచ్‌డీ, ఎయిర్‌బ్రష్ అని పెద్ద పెద్ద మాటలు. లావణ్య దగ్గర అసలు ఎయిర్‌బ్రష్ మిషనే లేదు. సత్తవ్వ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "ఈ పిల్లెవరు? మనోళ్ల పిల్లేనా? ముక్కుకు గంత పెద్ద చక్రమేంది?" అంది. తెలుగు గ్రూపులన్నిటిలో ఆ కార్డు వేశాను. ఒకే ఒక ఫోన్ వచ్చింది, ఆ చక్రం కిరాయికి ఇస్తారా అని.

అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది. జీలకర్ర బెల్లం ముచ్చట లావణ్య నాకు మొదటి రోజే చెప్పింది. ఆమె సరుకు అదే. ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేనిది. అది నాకు ప్రచారంలా అనిపించలేదు, ఇంట్లో మాటలా అనిపించింది. ప్రచారమంటే మెరవాలి అనుకున్నాను.

తర్వాత లావణ్య ఆడబిడ్డ మంజులను పెళ్లికూతురిలా తయారు చేయించి మేడ మీద ఫోటోలు తీశాను. లావణ్య పని నిజంగా బాగుంది. మంజులది చామనఛాయ, కళ్లు పెద్దవి. ఆ రంగును అలాగే ఉంచి, ముఖంలో నిద్ర చాలని అలసట మాత్రం తీసేసింది. బాసికం కట్టి, పూలజడ వేస్తే ఆ అమ్మాయి అచ్చం మన ఇంటి పెళ్లిపిల్ల. నేను ఆ ఫోటోను కంప్యూటర్‌లో వేసి, చేతి అలవాటుతో, రంగు తేల్చే మీట నొక్కాను. ఒకసారి కాదు. మంజుల పాలలో ముంచి తీసినట్టు వచ్చింది.

లావణ్య చూసి, "కాక, ఇది మా మంజుల కాదు" అంది.

"ప్రచారమంటే గిట్లనే ఉంటది బిడ్డా. అందరు చేసేదే. జనాలకు గిదే కావాలె" అన్నాను.

పెద్దవాణ్ణి. ఫోటోల్లో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి. ఆమె ఆ ఫోటోనే తన ఫోన్లోకి తీసుకుంది. ముసలాయన "ఈమె ఎవలు?" అన్న మాట నాకు అప్పుడు గుర్తుకు రాలేదని చెబితే మీరు నమ్మకపోవచ్చు. నిజంగానే రాలేదు. ఫోటో బయటికి వెళ్లిన రోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. చేసినవాళ్లందరూ తల్లులే. అందరిదీ ఒకే ప్రశ్న: "మా పిల్ల జర రంగు తక్కువ. ఫోటోలున్నట్టు చేస్తరా?" లావణ్య "ఉన్న రంగుల మంచిగ చేస్త అక్కా" అనేది. వాళ్లకు "మంచిగ చేస్త" అన్నది మాత్రమే వినిపించేది.

స్వప్న పెళ్లి

వాళ్లలో భూలక్ష్మి ఒకరు. ఆమె భర్త మగ్గాల దగ్గర జాబర్, అంటే మగ్గాలు బాగుచేసి కార్మికులను చూసుకునే మేస్త్రీ. ఆ గల్లీలో మాట చెల్లే ఇల్లు. పెద్ద కూతురు స్వప్న పెళ్లికి ఫోటోలు నావి, మేకప్ లావణ్యది. ఆ ఇంట్లో మెప్పు వస్తే సీజన్ గట్టెక్కినట్టే అని లావణ్య ఎంత ఆశపడిందో నాకు తెలుసు.

తెల్లవారకముందే వెళ్లాం. లావణ్య మాస్కు, ముఖానికి ప్లాస్టిక్ అద్దం పెట్టుకుంది. ఊపిరికి అది మసకబారుతుంటే తుడుచుకుంటూ పనిచేసింది. కుంచెలు, స్పాంజీలు ఇంటివాళ్ల ముందే కొత్త పొట్లాల నుంచి విప్పింది. ఎవరూ అడగకపోయినా చూపించి విప్పేది. రోగం భయంతో బిగుసుకుపోయి ఉన్న ఇళ్లలో ఆ ఒక్క పనితో సగం మంది కుదుటపడేవాళ్లు. స్వప్నకు పసుపు స్నానం అయ్యింది. ముఖం మీద ఆ పసుపు ఛాయ ఉండగానే దానికి తగ్గ రంగు కలిపి వేసింది. నేను కెమెరాలోంచి చూశాను. బాగుంది. ఆ పిల్ల అద్దంలో చూసుకుని చిన్నగా నవ్వుకుంది కూడా.

భూలక్ష్మి లోపలికి వచ్చి నిలబడిపోయింది.

"ఇదేంది లావణ్యా? పిల్ల ఎట్లున్నదో గట్లనే ఉన్నది గదా? నీ ఫోన్ల ఉన్న పిల్ల గిట్లున్నదా? రెండు పూతలు ఎక్కువెయ్యి."

"అక్కా, గంతకన్న ఎక్కువేస్తే మొకమొక్కటి, మెడొక్కటి అయితది. బూడిద పూసినట్టు కనవడతది."

"మరి గా ఫోటోల ఎట్లొచ్చింది?" అని ఆమె నా వైపు తిరిగింది. "అన్నా, నువ్వు చెప్పు. ఫోటో తీసింది నువ్వే గదా."

గదిలో అందరూ నా వైపు చూశారు. లావణ్య కూడా చూసింది. ఆ రోజు నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం: ఆ ఫోటోలో రంగు నేను మార్చాను చెల్లె. అది చెబితే నా ఫోటోలన్నిటి మీదా అనుమానం వస్తుంది. ఈ గల్లీలో రేపు నన్నెవరు పిలుస్తారు? ఇంత ఆలోచన కన్ను మూసి తెరిచేలోగా జరిగింది. నోటి నుంచి వచ్చింది ఇది:

"కొత్త పిల్ల గదా చెల్లె. చెయ్యి ఇంకా తిరగలే."

లావణ్య తల దించుకుంది. భూలక్ష్మి దగ్గరుండి పూతలు వేయించింది. మేడ మీద ఎండ. తలంబ్రాల పసుపు, చెమట, ఆ తెలుపు అన్నీ కలిసి ముహూర్తం దాటేసరికి స్వప్న ముఖం చారలు చారలుగా తేలింది. మగపెళ్లివారి వైపు ఒకావిడ మాస్కు కిందికి లాగి మరీ అంది, "ఏందమ్మా, పిల్లకు సున్నం గొట్టిన్రా?" అందరూ నవ్వారు. స్వప్న నవ్వలేదు.

ఆ వారంలోనే లావణ్యకు పేరు పడింది: సున్నం లావణ్య. ఒప్పుకున్నవాళ్లు ఒక్కొక్కరే ఫోన్ చేసి, పెళ్లి వాయిదా పడిందని చెప్పారు. పెళ్లిళ్లు మాత్రం జరిగాయి. కొన్నింటికి ఫోటోలు నేనే తీశాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. స్వప్న ఆల్బమ్‌లో ఆ చారలన్నీ తీసేసి, ముఖాన్ని నున్నగా చేసి ఇచ్చాను. భూలక్ష్మి ఎంతో సంతోషించింది. "ఆ పిల్ల ఆగం జేస్తే మా అన్న కాపాడిండు" అని గల్లీ అంతా చెప్పింది. అలా లావణ్య పేరు పోయిన చోటే నా పేరు పెరిగింది.

సత్తవ్వ పోసిన తలంబ్రాలు

కొన్నాళ్లకు లావణ్య దుకాణానికి వచ్చింది. గొడవ పడుతుందేమోనని నేను ముందే బిగుసుకున్నాను.

"కాక, మంజుల ఫోటోలు తీసెయ్యి. నీ కంప్యూటర్ ముట్టనివి ఉంటే అవి పెట్టు."

"అవి పెడితే ఎవలొస్తరు బిడ్డా?"

"ఇప్పుడు ఎవలొస్తున్నరు?"

తీసేశాను. ఇంట్లో సత్తవ్వ అప్పటికే కత్తెర తెచ్చి కోడలి ముందు పెట్టింది. ఆ తర్వాత జరిగిందానిలో నా చెయ్యి ఏమీ లేదు. నేనూ అందరిలాగే ఫోన్‌లో చూశాను.

లావణ్య తన ఫోన్‌ను కిటికీ దగ్గర నిలబెట్టింది. దీపాలు లేవు, పాటలు లేవు. ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది. "నన్ను సున్నం లావణ్య అంటున్నరట. సున్నం ఎట్లుంటదో, మేకప్ ఎట్లుంటదో చూడుండ్రి" అని మొదలుపెట్టింది. పసుపు రాసుకుని కడుక్కుంది. తన రంగు ఏమిటో చెప్పి, దానికి ఏది కలుపుతున్నదో చూపిస్తూ తనకు తనే వేసుకుంది. నడినెత్తిన జాగా వదిలి జడ వేసుకుని, అక్కడ జీలకర్ర బెల్లం పెట్టుకుని చూపించింది. తర్వాత అత్తను పిలిచింది.

"అత్తమ్మా, నువ్వు తలంబ్రాలు పొయ్యి. తువ్వాలతోని తుడువు. మొకం చెదిరిందనుకో, రేపటిసంది నీ పక్కన కత్తెర పట్టుకుని కూసుంట. అందరి ముంగట చెప్తున్న."

సత్తవ్వ గిన్నె పట్టుకుని వీడియోలోకి వచ్చింది. "ఎన్ని పొయ్యాలె?"

"పెండ్లిల ఎన్ని పోస్తరో గన్ని."

"నా పెండ్లిల మీ మామ కుండెడు పోసిండు. కండ్లల్ల పడి ఏడ్సిన. పుట్టినిల్లు యాదికొచ్చి ఏడుస్తుందని అందరు నన్ను ఓదార్చిన్రు."

గిన్నె మొత్తం కుమ్మరించింది. కోడలు ఓడిపోవాలన్నంత కసిగా తువ్వాలుతో తుడిచింది. వంగి కోడలి ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తువ్వాలు చూసింది. తిప్పి రెండో వైపు కూడా చూసింది.

"రంగు పోలే" అంది చివరికి. తర్వాత కెమెరా వైపు తిరిగి, "కత్తెర నాదే ఉండనియ్యి ఇగ" అంది.

ఆ వీడియో మన గ్రూపుల్లో తిరిగి తిరిగి, మహారాష్ట్రలో ఉన్న మన మగ్గాలవాళ్ల దాకా వెళ్లి మళ్లీ మాకే వచ్చింది. సగం మంది సత్తవ్వ కోసం చూశారు. చూసినవాళ్లలో పెళ్లి కావాల్సిన ఆడపిల్లలు ఉన్నారు. ఈసారి ఫోన్లు తల్లుల నుంచి కాదు, ఆ పిల్లల నుంచే వచ్చాయి. "అక్కా, మాది గూడ నీ రంగే" అని మొదలుపెట్టేవాళ్లట. సీజన్ చివరి పెళ్లిళ్లకు లావణ్యతో పాటు సంచి మోసుకుంటూ సత్తవ్వ కూడా వెళ్లింది, తనను ఎవరైనా గుర్తుపడతారా అని చుట్టూ చూసుకుంటూ.

కొత్తగా దిగేవాళ్లకు

మీరు సలహా అడిగారు కాబట్టి ఇక్కడ నాలుగు మాటలు చెబుతాను. మీ ఫోటో మీకంటే ముందు వెళ్లి మాట ఇచ్చి వస్తుంది. ఆ మాటను పెళ్లి రోజు పొద్దున నిలబెట్టాల్సింది మీ చేతులు, కంప్యూటర్ కాదు. చేయలేనిదాన్ని ఫోటోలో చూపించి తెచ్చుకున్న పని, పని కాదు, ముందుగా పిలుచుకున్న తగాదా. కిటికీ వెలుగులో తీసిన మామూలు ఫోటో చాలు. ఏం చేస్తారో చెప్పండి, ఏం చేయరో అంతకంటే ముందు చెప్పండి. పెళ్లికూతురిని అడగకుండా ఆమె ముఖాన్ని మీ స్టేటస్‌లో పెట్టకండి. తల్లి ఒప్పుకుంటే సరిపోదు, ముఖం ఆమెది. మీ దగ్గర మాత్రమే ఉన్నది ఏమిటో వెతుక్కోండి. అది మీకు మామూలు ఇంటి మాటలా అనిపిస్తుంది, అందుకే కనిపించదు. ఎవరిదైనా ప్రచారం మీ చేతిలోకి వస్తే, అది వాళ్ల పేరని గుర్తుంచుకోండి. మీరు చేసిన పొరపాటుకు బజారులో నిలబడేది వాళ్లు.

ఇదంతా నేను తెలివితో చెబుతున్నది కాదు. చెడగొట్టి నేర్చుకున్నది.

శాలువా, ఆ తర్వాత

కరోనా రెండో వేసవి సంగతి అందరికీ తెలిసిందే. మా గల్లీలో ఇళ్లు ఖాళీ అయ్యాయి. కాంతిభాయ్ శేఠ్ ఆ నెలల్లోనే పోయారు. చివరిచూపుకు కూడా పోలేకపోయాను. ఆయన కొడుకు ఫోన్ చేసి, గోడకు పెట్టడానికి నాన్న ఫోటో పంపమని అడిగితే, ముడతల మీద చెయ్యి వేయకుండా పంపాను. ఆయనకు నేను చేయగలిగిన మర్యాద అదొక్కటే.

మళ్లీ హాళ్లు తెరిచాక మనవాళ్లు ఒక చిన్న సభ పెట్టి, కష్టకాలంలో పదిమందికి తోడ్పడ్డవాళ్లంటూ కొందరికి శాలువాలు కప్పారు. నా వంతు వచ్చినప్పుడు మైకులో "మన ఆడబిడ్డ లావణ్యను మేకప్ రంగంలో నిలబెట్టిన రాజేశమన్న" అన్నారు. లావణ్య ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. నేను దండం పెట్టి శాలువా కప్పించుకున్నాను.

తిరుగు దారిలో ఇద్దరం ఒకే షేర్ ఆటోలో ఎక్కాం. శాలువా నా ఒళ్లో ఉంది. ఉండబట్టలేక అడిగాను.

"స్వప్న పెండ్లినాడు నేనన్న మాట నువ్వు విన్నవు గదా బిడ్డా?"

"విన్న."

"మరి ఎవలకు చెప్పలేదేంది? ఫోటో మా కాక మార్చిండని ఒక్క మాటంటే అయిపోతుండె."

"చెప్తే ఏమైతుండె కాక? నిన్ను గూడ ఎవలు పిలువకపోదురు. ఒక్కింట్ల పొయ్యి ఆరింది సాలదా, రెండిండ్లల్ల ఆరాల్నా?" అంది. కాసేపటికి ముఖం బయటికి తిప్పుకుని, "కానీ కాక, ఈ శాలువ మాత్రం నాకు నచ్చలే" అంది.

ఇన్నాళ్లూ నా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆమె మౌనం వల్ల. ఆ సంగతి నాకు ఆటోలో తెలిసింది. ఈ జన్మకు ఆ అప్పు తీరదు. తీర్చగలిగింది ఒక్కటే మిగిలింది. భూలక్ష్మి ఇల్లు. బయట లావణ్యకు ఎంత పేరు వచ్చినా, ఆ గల్లీలో ఆమె ఇంకా సున్నం లావణ్యే. భూలక్ష్మి నోటి వెంట ఆ మాట పోలేదు. అప్పుడే ఆమె రెండో కూతురు శిరీష పెళ్లి ఖాయమైంది. ఫోటోలకు నన్ను పిలిచింది, మేకప్‌కు పెద్ద పార్లర్ కోసం వెతుకుతోందని విన్నాను.

మర్నాడే వెళ్లాను. భూలక్ష్మి గడప ముందు నలుగురైదుగురు ఆడవాళ్లతో చీరల దారాలు కత్తిరిస్తూ కూర్చుంది. పక్కన శిరీష ఉంది. అత్తగారింటి నుంచి వచ్చిన స్వప్న కూడా ఉంది. భూలక్ష్మిని ఒక్కదాన్ని లోపలికి పిలిచి చెబుదామనుకున్నాను.

"లోపటికెందుకన్నా? అందరు మనోళ్లే. చెప్పు."

చెప్పాను. మంజుల రంగు నేను మార్చానని. లావణ్య మొదట వేసిందే సరైనదని. "చెయ్యి తిరగలే" అన్నది నా దుకాణం కోసం ఆడిన అబద్ధమని. ఆల్బమ్‌లో చారలు తీసి మెప్పు పొందానని కూడా చెప్పాను. కత్తెరల చప్పుడు ఆగిపోయింది.

"మా నోటితోని ఆ పిల్లను ఇన్నొద్దులు తిట్టిచ్చినవు గదా అన్నా" అంది భూలక్ష్మి. గొంతు పెంచలేదు.

స్వప్న నా వైపు చూడకుండా, "నాకు అప్పుడే ఎరుక" అంది. "అద్దంల మొదాలు చూసుకున్న మొకమే నాకు యాదున్నది. ఆల్బం నేను ఇప్పటిదాక తెరువలే."

భూలక్ష్మి ఫోన్ తీసి, అందరూ వినేలా స్పీకర్ పెట్టి లావణ్యకు చేసింది. శిరీష పెళ్లి అంది, తారీఖు చెప్పింది. క్షమించమనలేదు, తారీఖు మాత్రం రెండోసారి చెప్పింది.

"ఆనాడు ఊరవతల ఇచ్ఛాపోర్‌ల ఇంకో పెండ్లున్నది అక్కా" అంది లావణ్య. "అది పగటీలి. మీది పొద్దుగాల ముహూర్తమైతే చేసి పోత. కానీ ఒక్క ముచ్చట ముందుగాల్నే చెప్తున్న. నీ బిడ్డ ఎట్లుంటే గట్లనే చేస్త. ఒక్క పూత గూడ ఎక్కువెయ్య. ఒప్పుకుంటవా?"

అందరూ భూలక్ష్మి వైపు చూశారు. ఆమె శిరీష వైపు, తర్వాత స్వప్న వైపు చూసింది.

"ఒప్పుకుంట బిడ్డా. పెద్దదాన్ని గూడ చెయ్యాలె. దానికి బాకీ ఉన్నం."

నాతో మాత్రం, "ఫోటోలకు వేరేటోళ్లను చూసుకుంటం అన్నా" అంది. న్యాయమే. లేచి వస్తుంటే వెనక నుంచి, "తిననీకె మాత్రం రావాలె" అని కేకేసింది.

వెళ్లాను. చేతిలో కెమెరా లేదు, వెనక వరసలో ఒక ప్లాస్టిక్ కుర్చీ. అక్కాచెల్లెళ్లిద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరిదీ చామనఛాయ. తలంబ్రాలు పోశారు, ఎండ ఎక్కింది, ఇద్దరూ అలాగే ఉన్నారు. ఎన్నో పెళ్లిళ్లు చూశాను కానీ, మధ్యలో కెమెరా అద్దం లేకుండా, నా కళ్లతో నేను పెళ్లికూతురిని చూసింది ఆ రోజే.